మొదటి డెస్క్‌టాప్ నేనే బిగించుకుందామనుకుంటున్నా, లిస్టు ఒకసారి చూస్తారా?

మొదటి_పీసీ
అందరికీ నమస్తే. ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నా. ఇప్పటిదాకా ఆరేళ్ల నాటి లాప్‌టాప్‌తో నెట్టుకొచ్చాను. మొన్న దాని కీలు విరిగింది, స్క్రీన్‌ని పుస్తకాల దొంతరకు ఆనించి వాడుతున్నా. ఇక లాభం లేదని డెస్క్‌టాప్ బిగించుకుందామనుకున్నాను. ఇంతవరకు నేను విప్పిన ఎలక్ట్రానిక్ వస్తువు టీవీ రిమోట్ ఒక్కటే. అదీ మళ్లీ పనిచేయలేదు.

వీడియోలు చూసి రాసుకున్న లిస్టు ఇది:
ప్రాసెసర్: కోర్ ఐ9 14900కే
మదర్‌బోర్డు: హెచ్610
ర్యామ్: 16 జీబీ డీడీఆర్5, ఒకటే స్టిక్ (తర్వాత ఇంకోటి కొంటా)
గ్రాఫిక్స్ కార్డు: ఆర్‌టీఎక్స్ 4060
స్టోరేజ్: 512 జీబీ ఎం.2
ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై): కేబినెట్‌తో పాటు వచ్చే 500 వాట్లది

తప్పులుంటే చెప్పండి. తిట్టినా పర్లేదు.

పాత_పెంటియం
తిట్టడం తర్వాత చూద్దాం. రోజూ దీనితో ఏం చేస్తావు? మానిటర్ ఏది?

మొదటి_పీసీ
కోడింగ్ ఎక్కువ. పైథాన్, జావా, ల్యాబ్ కోసం అప్పుడప్పుడు రెండు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్ లాంటివి). రాత్రిళ్లు గేమ్స్. మా బ్యాచ్ షార్ట్ ఫిల్ములకు ఎడిటింగ్ నేనే చేస్తా. మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్, ఇప్పటికే ఉంది.

ఐ9 ఎందుకంటే, పెద్దది ఒకసారి కొనేస్తే పదేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేదని.

వాట్ల_లెక్క
తమ్ముడూ, నీ లిస్టులో నాకు నిద్ర పట్టనివ్వని లైను చివరిది.

లెక్క వేసుకుందాం. 14900కే ఒత్తిడి పడినప్పుడు 253 వాట్ల దాకా లాగుతుందని ఇంటెల్ వాళ్లే రాశారు. 4060 మరో 115. ఫ్యాన్లు, డ్రైవ్, బోర్డు కలిపి ఒక 50 వేసుకో. 420 దగ్గరికి వచ్చావు. 500లో సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ కేబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 500ని నమ్మకు. దాని పక్కన చిన్న పట్టిక ఉంటుంది, అందులో 12 వోల్టుల గడి చూడు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది దాని మీదే. అక్కడ 25 ఆంపియర్లు అని ఉంటే 12 ఇంటూ 25, అంటే 300 వాట్లే. మిగతాదంతా ఇప్పటి కంప్యూటర్ పెద్దగా వాడని 3.3, 5 వోల్టుల లైన్లలో చూపించే సంఖ్య.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి మెషీన్‌లో అలాంటిదే పెట్టాను. ఒక రాత్రి టప్‌మంది. అది ఒక్కటే పోలేదు, మదర్‌బోర్డునీ మూడేళ్ల ఫోటోలున్న హార్డ్ డిస్క్‌నీ వెంట తీసుకుపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న బాపతు నేను. అప్పటినుంచి లిస్టు రాసేటప్పుడు ముందు ఎస్‌ఎంపీఎస్ రాస్తా, తర్వాతే మిగతావి.

80 ప్లస్ గోల్డ్, బ్రాంజ్ ముద్రల గురించి ఎలాగూ అడుగుతావు. 2004 నుంచి ఉన్న ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో మాత్రమే. షార్ట్ సర్క్యూట్ అయితే ఆగిపోతుందా, వోల్టేజ్ పెరిగితే కట్ చేస్తుందా అన్నది వేరే సంగతి. ఆ రక్షణల జాబితా, వారంటీ ఎన్నేళ్లు, విడదీసి పరీక్షించినవాళ్లు ఏమన్నారు, ఈ మూడూ చూసి కొను.

ఖాళీ_స్లాట్
ఎస్‌ఎంపీఎస్ సరే. ఐ9ని హెచ్610 మీద పెట్టడం ఏంటి బ్రో? ఆ బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్‌కు కరెంటిచ్చే వీఆర్‌ఎం భాగం మీద హీట్‌సింక్ కూడా ఉండదు. అది వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. ఐ9 కొని ఐ5 పనితీరు చూస్తావు. పైగా 14900కేకి బాక్సులో కూలర్ రాదు. నీ లిస్టులో కూలరే లేదు!

మొదటి_పీసీ
కూలర్ విడిగా కొనాలా? 😐

రెండర్_రాత్రులు
ఎడిటింగే నా ఉద్యోగం కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. నీ పనికి ఐ9 అక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి. ఆరు కోర్ల ప్రాసెసర్ చాలు. ఫోన్లు, మామూలు కెమెరాల నుంచి వచ్చే హెచ్.264 అనే వీడియో ఫార్మాట్ ఫుటేజ్ విప్పే పని చాలావరకు గ్రాఫిక్స్ కార్డే చేసుకుంటుంది.

నీకు మొదట ఇబ్బంది వచ్చేది ర్యామ్‌తో. రెండు వర్చువల్ మెషీన్లు, బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు, వెనకాల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. 16 జీబీ ఊపిరాడదు. 32 తీసుకో. అదీ 16 చొప్పున రెండు స్టిక్కుల కిట్‌గా. ఒక్క స్టిక్ పెడితే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారి సగమే తెరిచినట్టు. "తర్వాత ఇంకోటి కొంటా" అన్నావు కదా, అదే మోడల్ నంబరు పెట్టుకుని ఏడాది తర్వాత కొన్నా లోపలి చిప్పులు వేరుగా ఉండొచ్చు. రెండూ కలిసి వేగంగా నడవకపోతే ఎవరినీ అడగలేం.

512 జీబీ కూడా ఒక్క షార్ట్ ఫిల్ముతో నిండిపోతుంది. కనీసం 1 టీబీ. "ఎం.2" అని మాత్రమే రాశావు, అది స్లాట్ ఆకారం పేరు. అదే ఆకారంలో సాటా డ్రైవులూ ఉంటాయి, సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతాయి. ఎన్‌వీఎంఈ అని ఉన్నది చూడు. పీసీఐఈ 4.0 రకమైతే మంచివి 7000 దాకా వెళ్తాయి. నీకు అంత వేగం కనపడదనుకో, కానీ సాటాది పొరపాటున కొనకు.

ఖాళీ_స్లాట్
నా ఓటు ఏఎండీ వాళ్ల ఏఎం5 సాకెట్‌కి (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు). రైజెన్ 5 7600: ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, టీడీపీ (వేడి, కరెంటు లెక్కకు కంపెనీ ఇచ్చే సంఖ్య) 65 వాట్లే, బాక్సులో కూలర్ వస్తుంది. బీ650 బోర్డు వేసుకో. నువ్వు రాసుకున్న 14వ తరం ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ1700, దాని కథ అక్కడితో ముగిసింది. తర్వాతి కోర్ అల్ట్రా 200 వరుస వేరే సాకెట్‌కు వెళ్లిపోయింది. ఏఎం5 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. ఏఎం4ని చూడు, 2017లో మొదటి రైజెన్ వేసుకున్నవాళ్లలో చాలామంది బయోస్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అప్‌డేట్ చేసి అదే బోర్డులో 5000 వరుస పెట్టుకున్నారు.

పాత_పెంటియం
7600 మంచి సలహా. కారణం మాత్రం నేను ఒప్పుకోను.

ఇరవై ఏళ్లకు పైగా బిగిస్తున్నా. "తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు" అని బోర్డు కొన్నవాళ్లలో నిజంగా మార్చింది ఎంతమందో నా చేతివేళ్ల మీద లెక్కపెట్టగలను. మార్చే రోజు వచ్చేసరికి కొత్త రకం ర్యామ్, కొత్త రకం పోర్టులు కావాలనిపిస్తుంది. బోర్డూ మారుతుంది. రేపటి అప్‌గ్రేడ్ కోసం ఇవాళ అవసరం లేని ఖరీదైన బోర్డు కొనొద్దు. ఇవాళ్టి పనికి సరిపోయిందా, అంతే.

ఖాళీ_స్లాట్
నేను మార్చాను అన్నా. రైజెన్ 1600 నుంచి 5600కి. అదే బోర్డు.

పాత_పెంటియం
సరే, ఒక వేలు నీకు.

పెంగ్విన్
ఓఎస్ ఏది వేస్తున్నావు? కోడింగే ఎక్కువంటే లినక్స్ వేసుకో. ల్యాబ్ పనంతా అక్కడ హాయిగా ఉంటుంది.

మొదటి_పీసీ
నా దగ్గర పాత విండోస్ 10 పెన్‌డ్రైవ్ ఉంది, అదే వేద్దామనుకున్నా.

పెంగ్విన్
వద్దు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కొత్త మెషీన్‌లో అది వేయడమంటే కొత్త ఇంటికి పాత తాళం. వేస్తే 11 వెయ్యి. దానికి కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఈ ప్రాసెసర్లలోనే ఉంటుంది. లేదంటే రెండూ వేసుకో, కాకపోతే వేర్వేరు డ్రైవుల్లో. ఒకదాని అప్‌డేట్ ఇంకోదాని బూట్‌ని పాడుచేసే గొడవ తప్పుతుంది.

రెండర్_రాత్రులు
ఒక్క మాట. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో ఎడిట్ చేస్తుంటే, లినక్స్‌లో అది హెచ్.264 ఫైళ్లు తెరవదు. ముందు వేరే ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి. పెంగ్విన్ గారు ఈ సంగతి ఎప్పుడూ చెప్పరు.

పెంగ్విన్
అడిగితే చెప్పేవాణ్ని 🙂

సైలెంట్_ఫ్యాన్
కేబినెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ముందు భాగం అద్దంతో మూసేసిన కేబినెట్ ఫోటోలో బాగుంటుంది, లోపల ఉడికిపోతుంది. ముందు జాలీ ఉన్నది తీసుకో. ముందు నుంచి రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. నీ మెషీన్‌కి అంతకు మించి వద్దు. కొనేముందు స్పెసిఫికేషన్లలో రెండు కొలతలు చూడు: గ్రాఫిక్స్ కార్డు ఎంత పొడవు పడుతుంది, కూలర్ ఎంత ఎత్తు పడుతుంది. మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244 మిల్లీమీటర్ల చదరం, ఏటీఎక్స్ కేబినెట్‌లో కూడా కూర్చుంటుంది. పెద్ద బోర్డు చిన్న కేబినెట్‌లో కూర్చోదు.

7600తో వచ్చే కూలర్ సరిపోతుంది, కాస్త గోల చేస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటావు కదా, తర్వాత చూసుకోవచ్చు.

మొదటి_పీసీ
అందరికీ థ్యాంక్స్. మారిన లిస్టు: రైజెన్ 5 7600, బీ650 మైక్రో ఏటీఎక్స్, 16 జీబీవి రెండు స్టిక్కులున్న డీడీఆర్5 కిట్ (వేగం 6000), ఆర్‌టీఎక్స్ 4060, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 80 ప్లస్ గోల్డ్ 650 వాట్లు, ముందు జాలీ కేబినెట్. వింత ఏమిటంటే మొత్తం ఖర్చు మొదటి లిస్టు కన్నా తగ్గింది. భాగాలు ఒకదానికొకటి సరిపోతాయో చూపే పీసీపార్ట్‌పికర్ సైటులో పెట్టి చూశా, ఏవీ గొడవ పడట్లేదని చూపించింది.

వాట్ల_లెక్క
ఇప్పుడు నిద్ర పడుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో: ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్‌ది (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే రకం) అయితే దానితో వచ్చిన కేబుళ్లే వాడాలి. వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుల్ అందులో చక్కగా దూరుతుంది కూడా, కానీ లోపల వైర్ల వరస వేరు. డ్రైవులు కాలిపోతాయి.

పాత_పెంటియం
వస్తువులు వచ్చాక తొందరపడకు. ఒక సెలవు రోజు మొత్తం పక్కన పెట్టు. నేను చేసే పద్ధతి చెబుతా.

బోర్డుని దాని అట్టపెట్టె మీదే పెట్టి ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, కూలర్ బయటే బిగించు. కేబినెట్ లోపల చెయ్యి తిరగదు. ముందు ఏదైనా లోహాన్ని ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ కరెంటు దించుకో, కార్పెట్ మీద కూర్చోకు.

ఏఎం5లో సూదులన్నీ బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, 1718. ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే, కాబట్టి సాకెట్ మీద వేలు పెట్టకు. మూలన ఉన్న త్రికోణం గుర్తు చూసుకుని ప్రాసెసర్‌ని వదిలెయ్యి, నొక్కకు. సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూతని గోళ్లతో పీకొద్దు. లీవర్ దించుతుంటే అదే ఎగిరి పడుతుంది. లీవర్ గట్టిగా ఉంటుంది, కిర్రుమంటుంది, భయపడకు. ఆ మూత దాచు, వారంటీకి పంపేటప్పుడు అడుగుతారు.

ఆ కూలర్‌కి నాలుగు స్క్రూలు. బోర్డు మీద ముందే ఉన్న రెండు ప్లాస్టిక్ పట్టీలు విప్పితేనే కూర్చుంటుంది, వెనకున్న పలక అలాగే ఉండాలి. కూలర్ అడుగున పేస్ట్ ముందే పూసి ఉంటుంది, మళ్లీ పిండకు. స్క్రూలు ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా తిప్పు. ఎస్‌ఎస్‌డీ మీద వేసే హీట్‌సింక్ అడుగున పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని తియ్యడం నేనే రెండుసార్లు మర్చిపోయా.

ర్యామ్ రెండో, నాలుగో స్లాట్లలో, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి. కేబినెట్‌లో పెట్టేముందు బోర్డు రంధ్రాలకు ఎదురుగా స్టాండాఫ్‌లు (బోర్డుని ఎత్తి పట్టే చిన్న లోహపు దిమ్మలు) ఉన్నాయో లేదో చూడు. రంధ్రం లేని చోట స్టాండాఫ్ ఉంటే విప్పెయ్యి, అది బోర్డు వెనక తగిలి షార్ట్ చేస్తుంది. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబుల్ పై మూలన ఉంటుంది, దాన్ని ముందే లాగి పెట్టుకో. గ్రాఫిక్స్ కార్డు అన్నిటికన్నా చివర. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చు, బోర్డుకి కాదు.

మొదటి_పీసీ
శనివారం ముహూర్తం. పొద్దున్నే మొదలుపెడతా.

మొదటి_పీసీ
బిగించేశా. ఏడు గంటలు పట్టింది. ఆన్ చేస్తే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. బోర్డు మీద డీర్యామ్ అని ఉన్న చోట పసుపు లైట్ వెలుగుతోంది. నాలుగుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశా. అదే. టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి. ఏం కాల్చేశాను?

వాట్ల_లెక్క
ఏమీ కాల్చలేదు. ముందు ఆఫ్ చేయడం ఆపు. డీడీఆర్5 మొదటిసారి ఆన్ అయినప్పుడు బోర్డు ర్యామ్‌తో ఏ వేగంలో, ఏ వోల్టేజ్‌లో మాట్లాడాలో ప్రయత్నించి చూసుకుంటుంది, మెమరీ ట్రెయినింగ్ అంటారు. అది అయ్యేదాకా స్క్రీన్ నల్లగానే ఉంటుంది, కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. ఆన్ చేసి గది బయటికి వెళ్లిపో. పదిహేను నిమిషాలు.

మొదటి_పీసీ
ఇరవై నిమిషాలైంది. అదే లైట్.

పాత_పెంటియం
ఇక ర్యామ్ చూద్దాం. ఆఫ్ చెయ్యి, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ కూడా. రెండు స్టిక్కులూ తియ్యి. ఒక్కటే రెండో స్లాట్‌లో పెట్టు. నీ బోర్డులో స్లాట్‌కి రెండు వైపులా గొళ్లేలు ఉన్నాయా, ఒక వైపేనా?

మొదటి_పీసీ
ఒక వైపే. పైన.

పాత_పెంటియం
అనుకున్నా. పై గొళ్లెం పడగానే కూర్చుందనుకుంటారు, కింది చివర లేచే ఉంటుంది. ముందు కింది చివర నొక్కు, తర్వాత పైది. బోర్డు కొంచెం వంగినట్టు అనిపించేంత బలం పెట్టాలి. బంగారు రంగు గీతలు స్లాట్ బయటికి ఏమాత్రం కనపడకూడదు.

మొదటి_పీసీ
వచ్చింది!!! ఒక్క స్టిక్‌తో మూడు నిమిషాలకు బయోస్ వచ్చింది. ఆఫ్ చేసి రెండోది కూడా అలాగే నొక్కి పెట్టా, 32 జీబీ చూపిస్తోంది. అన్నా, మొదట బిగించినప్పుడు నాలుగో స్లాట్‌లోది కింద రెండు మిల్లీమీటర్లు పైకే ఉండిపోయింది. విరిగిపోతుందేమోనని నెమ్మదిగా నొక్కాను.

కానీ ర్యామ్ వేగం 4800 అని ఉంది. నేను 6000 కిట్ కొన్నా కదా, మోసపోయానా?

ఖాళీ_స్లాట్
లేదు బ్రో. మామూలుగా అది 4800కే నడుస్తుంది. బయోస్‌లో ఎక్స్‌పో అని ఉంటుంది, ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్ అది, ఆన్ చేసి సేవ్ చెయ్యి. మళ్లీ ట్రెయినింగ్ జరుగుతుంది, మళ్లీ నల్ల స్క్రీన్. ఈసారి ఓపిక పట్టు. రాత్రికి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకో. ఒక్క ఎర్రర్ చూపించినా ఎక్స్‌పో తీసేసి మళ్లీ చూడు.

మొదటి_పీసీ
మెమ్‌టెస్ట్ సున్నా ఎర్రర్లు. పొద్దున్న విండోస్ 11 మొదలుపెడితే ఇంటర్నెట్ కావాలంటోంది. వైఫై లిస్టే రావట్లేదు. బోర్డులో వైఫై ఉంది, యాంటెన్నాలు కూడా బిగించా.

రెండర్_రాత్రులు
ఆ వైఫై చిప్ డ్రైవర్ విండోస్ దగ్గర లేదు, అంతే. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చెయ్యి. ఆ తర్వాత బోర్డు తయారుచేసినవాళ్ల సైటు నుంచి డ్రైవర్ వేసుకో.

మొదటి_పీసీ
ఫోన్‌తో అయిపోయింది. గేమ్ ఆడుతూ, వేడి ఎంతుందో చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో చూస్తే ప్రాసెసర్ 72 డిగ్రీలు, గ్రాఫిక్స్ 66. బాగానే ఉన్నట్టేనా?

సైలెంట్_ఫ్యాన్
చాలా బాగుంది. 7600కి గరిష్ఠ హద్దు 95. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ ఎంతుందో చూశావా?

మొదటి_పీసీ
60 ఉంది 🤦 144 చేశా. మౌస్ కదిలితేనే తేడా తెలుస్తోంది.

చివరి డౌట్. అంతా పనిచేస్తోంది కానీ కేబినెట్ ముందున్న పవర్ లైట్ వెలగట్లేదు. పవర్ బటన్ మాత్రం పనిచేస్తోంది.

పాత_పెంటియం
బటన్ వైరు ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి. తిప్పి పెట్టు.

మొదటి_పీసీ
తిప్పా. వెలిగింది.